వాల్వ్ గుంటలో నిలిచిన నీళ్ల గురించి మన సర్పంచ్‌లకు బహిరంగ లేఖ

నల్గొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామ సర్పంచ్‌లకు, వార్డు సభ్యులకు నమస్కారం.

నేను దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. మీలో చిన్న వయసువాళ్లకు నా చేత్తోనే పోలియో చుక్కలు వేసి ఉంటాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2024 జనవరి నెలాఖరుకు పాత పాలకవర్గాల గడువు ముగిసింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఊళ్లకు సర్పంచ్ లేడు. 2025 డిసెంబరులో మీరు గెలిచి వచ్చారు. ఎన్నికలప్పుడు మా వాకిట్లోకి వచ్చిన ప్రతి ఒక్కరూ సీసీ రోడ్ల గురించి, ఇళ్ల గురించి, కోతుల బెడద గురించి మాట్లాడారు. చంటిపిల్లల వాంతులు, విరేచనాల మాట ఎవరూ ఎత్తలేదు. మేమూ అడగలేదు. అది తల్లి చూసుకోవాల్సిన విషయమని అందరం అనుకుంటాం. కానీ పిల్లగాడికి మోషన్లు పట్టుకోకుండా చూడడంలో తల్లి చేతిలో ఉన్నది సగమే. మిగతా సగం పంచాయతీ చేతిలో ఉంది. మృగశిర కార్తె వచ్చి, తొలి వానకు మోరీలు పొంగకముందే ఆ సగం గురించి మీతో చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను రిటైరయ్యే ముందటి ఏడాది, జూన్ ఆఖరులో, ఒకే వీధిలో వారం రోజుల్లో పదకొండు మంది పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ మూడేళ్ల లోపు వాళ్లే. పక్క వీధిలో ఒక్కరికీ లేదు. రెండు వీధులకూ నీళ్లు ఒకే ట్యాంకు నుంచి వస్తాయి. ఆశా కార్యకర్త, నేను ఇల్లిల్లూ తిరిగి ఓఆర్‌ఎస్ ఇచ్చాం, జింక్ బిళ్లలు ఇచ్చాం. తిరుగుతూ ఉంటే ఆ వీధి మొదట్లో వాల్వ్ గుంట కనిపించింది. దాని మీద బండ పగిలిపోయి సగం గుంటలోనే పడి ఉంది. పక్కనే మోరి. గుంట నిండా నల్లటి నీళ్లు, వాటి మీద బియ్యం కడిగిన నురగ, ఒక షాంపూ ప్యాకెట్, వాడేసిన డైపర్. వాల్వ్ ఆ నీళ్లలో మునిగి ఉంది. నీళ్లు వదిలే తమ్ముడు రోజూ పొద్దున అందులో చెయ్యి పెట్టి రెంచితో తిప్పుతున్నాడు. "నీళ్లు వచ్చేటప్పుడు బుడగలు పైకొస్తయ్ మేడమ్, బందు చేసినంక నీళ్లు లోపలికి గుంజుతయ్" అని అతనే చెప్పాడు. నేను అడగకముందే చెప్పాడు. అంటే అతనికి తెలుసు. ఎవరికి చెప్పుకోవాలో తెలియదు, అంతే.

మన ఊళ్లలో పైపుల్లో నీళ్లు ఇరవై నాలుగు గంటలూ ఉండవు. పొద్దున గంటో రెండు గంటలో వదిలి బంద్ చేస్తారు. నీళ్లు నిండుగా పారుతున్నంతసేపు ఎక్కడైనా లీకు ఉంటే నీళ్లు బయటికి పోతాయి. బంద్ చేశాక పైపు ఖాళీ అవుతుంటే అదే చిల్లు బయటి నీళ్లను లోపలికి లాగుతుంది. మర్నాడు పొద్దున మొదటి బిందెలోకి వచ్చేది ఆ నీళ్లే. దానికి తోడు నల్లాకు మోటారు బిగించడం ఒకటి. మోటారు వేసినప్పుడు పైపు ఇంకా గట్టిగా పీలుస్తుంది. ప్రెషర్ సరిపోని చివరి ఇళ్లవాళ్లు వాకిట్లో మోకాలి లోతు గుంట తవ్వి, నల్లా తీసేసి, పైపు మూతి కిందికి దించుకుంటారు. నీళ్లు బంద్ అయ్యాక ఆ మూతి గుంటలోని మురికిలోనే ఉంటుంది. ఆ గుంట పక్కనే పిల్లలు దొడ్డికి కూర్చుంటారు.

ఆ వీధి నీళ్లు, పక్క వీధి నీళ్లు పరీక్ష సీసాల్లో పట్టాం. మలం కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లగా మారే సీసాలు అవి. సబ్‌సెంటర్ కిటికీలో పెట్టి తాళం వేసుకుని పోయాను. మర్నాడు వచ్చి చూస్తే ఆ వీధి సీసా కాటుకలా ఉంది. పక్క వీధిది పట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దాని పక్కన మూడో సీసా కూడా నల్లబడింది. నాకు ఆశ్చర్యమేసింది అక్కడే. అది నల్లా నీళ్లది కాదు, ఒక ఇంట్లో కొనుక్కున్న క్యాను నీళ్లది.

నల్గొండలో ఉండే మనకు ఈ సంగతి ప్రత్యేకంగా తెలియాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ ఏం చేసిందో మనం కళ్లారా చూశాం. వంగిన నడుములు, గారపట్టిన పళ్లు చూసి పెరిగినవాళ్లం, బోరు నీళ్లంటే మనకు భయం. ఆ భయం న్యాయమైనదే. ఆ భయంతోనే వాటర్ ప్లాంట్లు వీధివీధికీ వచ్చాయి, ఇరవై లీటర్ల క్యాను ఇంటింటికీ వచ్చింది. ఆర్‌ఓ మిషన్ ఫ్లోరైడ్‌ను తీస్తుంది, నిజమే. కానీ ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు. ప్లాంటు దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్లు పాకుడు పట్టిన క్యానులో పడ్డా, ఎవరైనా చెయ్యి తగిలిన గ్లాసు అందులో ముంచినా, పురుగును చంపే మందు అందులో లేదు. నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లు కృష్ణా నీళ్లు, శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపేవి. వాటిని "బ్లీచింగ్ వాసన" అని బట్టలకు, బర్రెలకు వాడుతున్నాం. పిల్లలకు మాత్రం క్యాను నీళ్లు పోస్తున్నాం. ఆ కొద్దిపాటి వాసనే నీళ్లు బిడ్డకు పనికొస్తాయనడానికి గుర్తు. ఈ ఒక్క మాట మీ గ్రామసభలో మీ నోటితో చెప్పండి. నర్సమ్మ చెబితే ఒక చెవిన విని వదిలేస్తారు. సర్పంచ్ ఆ నల్లా నీళ్లు అందరి ముందు తాగి చెబితే వింటారు.

అయితే ఆ మాట చెప్పాలంటే ముందు మీ ఊరి నీళ్లలో క్లోరిన్ ఉండాలి. వీధి చివరి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. దాన్ని చూసే క్లోరోస్కోప్ డబ్బా మీ పంచాయతీ బీరువాలో ఉండే ఉంటుంది. గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. తిరగకపోతే క్లోరిన్ లేనట్టే. ఐదు నిమిషాల పని. ట్యాంకు కింద పరీక్ష చేసి రాసుకోవడం కాదు, అందరికంటే చివరి ఇంట్లో చెయ్యాలి.

బ్లీచింగ్ పౌడర్ గురించి కూడా చెప్పాలి. మన దగ్గర అది ఎక్కువగా మోరీల పక్కన ముగ్గులా చల్లడానికే పోతుంది, మంత్రిగారో కలెక్టర్‌గారో వస్తున్నారంటే ఇంకా ఎక్కువ. దాని అసలు చోటు ట్యాంకు. మంచి పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు వంద గ్రాములు పడుతుంది. నీళ్లు బురదగా ఉంటే ఇంకాస్త. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు చేరాక పైనున్న తేట మాత్రమే పొయ్యాలి. పోశాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగి నీళ్లు వదలాలి. మూతి విప్పి మూలన పడేసిన సంచిలో పౌడర్ ఉంటుంది గానీ బలం ఉండదు. నేను చూసిన చాలా ఊళ్లలో సంచి ఉంది, రిజిస్టర్లో సంతకాలు ఉన్నాయి, నల్లా చివర పసుపు రంగు మాత్రం లేదు. మీరు ఆ రిజిస్టర్‌ను నమ్మకండి, గొట్టంలో రంగును నమ్మండి.

డబ్బులు లేవని మీరు అంటారని నాకు తెలుసు. కొత్త సర్పంచ్‌ల అప్పుల సంగతి, బిల్లుల సంగతి వింటూనే ఉన్నాను. కానీ వాల్వ్ గుంటకు నాలుగు వరసల ఇటుక కట్టి పైన మూత వేయడానికి, మోరి దాటే పైపును మార్చడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. 2026 మార్చితో గడువు ముగిసిన 15వ ఆర్థిక సంఘం, పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. ఆ వీధిలో మేం గుంటను పూడిక తీయించి, కట్టించి, బండ మార్పించాం. పని ఒకటిన్నర రోజు పట్టింది. పదకొండు మంది పిల్లలు వారం రోజులు పడ్డ బాధ ముందు ఆ ఖర్చు ఎంత!

ఆ పిల్లల్లో ఒకడి గురించి చెప్పకుండా ఉండలేను. తొమ్మిది నెలల బాబు. వాళ్ల అమ్మ పత్తి చేలో గుంటక వెనక గడ్డి తీయడానికి పోతుంది. పొద్దున ఐదింటికి అన్నం, పప్పు వండి, గిన్నె మీద పళ్లెం బోర్లించి పోతే, నాయనమ్మ మధ్యాహ్నం రెండింటికి అదే అన్నం పిసికి పెట్టేది. జూన్ ఉక్కలో తొమ్మిది గంటలు ఉన్న అన్నం. మధ్యలో పాల సీసా. సీసా కింద పడితే పాలపీకను కొంగుతో తుడిచి మళ్లీ నోట్లో పెట్టేది. బాబు పాకుతున్నాడు, ఇంటి ముందు కోళ్లు, మేకపిల్ల. నేను వెళ్లేసరికి మూడో రోజు. కళ్లు లోతుకు పోయాయి, మాడు గుంటపడింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది. ఏడుస్తున్నాడు గానీ కంట్లో నీళ్లు రావడం లేదు. "పళ్లొచ్చేటప్పుడు పోతయ్ గదా నర్సమ్మా" అంది నాయనమ్మ. తింటే ఇంకా పోతాయని తినిపించడం కూడా ఆపేశారు, తాగించడం కూడా తగ్గించారు. ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, ఒక ఎర్ర సిరప్ అయ్యాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇంట్లోనే ఉంది, గ్లాసు నీళ్లలో సగం వేసి ఉప్పగా ఉందని పారబోశారు.

ఆటో మాట్లాడి పెద్దాసుపత్రికి పంపించాం. బతికాడు. కానీ అంతకు ముందు నెల అంగన్‌వాడీలో 7.6 కిలోలు తూగిన వాడు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు 6.8 ఉన్నాడు. పోయిన ఆ బరువు తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ మోషన్లు, ఒకసారి దగ్గు. విరేచనాలు పట్టిన పిల్లవాడు బక్కచిక్కుతాడు, బక్కచిక్కినవాడికి మళ్లీ తొందరగా పట్టుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా నాలుగు లక్షల నలభై వేల మందికి పైగా ఐదేళ్ల లోపు పిల్లలు విరేచనాలతోనే చనిపోతున్నారు. చనిపోని వాళ్లలో ఇలా ఎదుగుదల ఆగిపోయేవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు.

ఆ ఇంట్లో ఉన్న తప్పులన్నీ పైన రాశాను. అయినా ఆ తల్లిని నేను ఒక్క మాట అనలేదు. ఆమె చేలోకి పోకపోతే కూలి రాదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని, ఎండాకాలమైనా నీళ్లు పట్టొద్దని వందసార్లు చెప్పాను. విరేచనాలు ఎక్కువగా పట్టేది ఆరు నుంచి పదకొండు నెలల మధ్యనే. పై తిండి మొదలవుతుంది, తల్లి మళ్లీ కూలికి పోవడమూ అప్పుడే మొదలవుతుంది. బిడ్డను చూసుకునే చోటు ఊళ్లో ఒకటి ఉంటే ఆ అన్నం తొమ్మిది గంటలు ఆగేది కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే, పని చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని రాశారు. నేను తిరిగిన ఊళ్లలో ఎక్కడా పెట్టగా చూడలేదు. కలుపు తీసే రోజుల్లో, పత్తి ఏరే నెలల్లో అంగన్‌వాడీ పక్కనో కమ్యూనిటీ హాల్లోనో పాకే వయసు పిల్లలకు నీడ, ఒక పొయ్యి, సబ్బు, ఇద్దరు మనుషులు. ఇది పంచాయతీ, మహిళా సంఘం కలిస్తే అయ్యే పని. ఊరి పెద్దలు దీన్ని చిన్న విషయంగా తీసిపారేస్తారు. నా దృష్టిలో ఆ వీధికి ఇది సీసీ రోడ్డు కంటే ముందు రావాలి.

పిల్లల మలం గురించి కూడా రాయాలి, రాయడానికి మొహమాటం లేదు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి కట్టాం, బోర్డులు పెట్టాం. పెద్దవాళ్లు చాలావరకు వాడుతున్నారు. చంటిపిల్లలది మాత్రం "పసిపిల్లలది కదా, ఏమైతది" అని పారతో ఎత్తి మోరిలోనో పెంటకుప్ప మీదో వేస్తారు. నిజానికి జబ్బుపడ్డ పసివాళ్ల మలంలోనే రోగం పురుగులు ఎక్కువ. ఇప్పుడు డైపర్లు కూడా మోరిలోకే. అవి అడ్డుపడి మోరి నిండుతుంది, నిండిన మోరి వాల్వ్ గుంటలోకి దిగుతుంది, గుంట నుంచి పైపులోకి, పైపు నుంచి ఇంకో బిడ్డ నోట్లోకి. నేను పైన చెప్పిన డైపర్ ఎవరిదో నాకు తెలియదు. కానీ చుట్టూ తిరిగి ఎక్కడికి వచ్చిందో మీరే చూడండి. చెత్త ట్రాక్టర్ వచ్చినప్పుడు డైపర్లకు వేరే సంచి పెట్టించండి. పిల్లలది ఎత్తి మరుగుదొడ్డిలోనే వెయ్యాలని, ఆ తర్వాత సబ్బుతో చేతులు కడగాలని వార్డు సభ్యురాళ్లు ఇంట్లోకి వెళ్లి చెబితే ఆడవాళ్లు వింటారు. మీలో సగం మంది మహిళలే కదా.

తండాల సంగతి వేరుగా చెప్పాలి. చివరి తండాకు నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తున్నాయో మీకు తెలుసు. నీళ్లే తక్కువైతే సబ్బుతో చెయ్యి కడుక్కోమని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను? హైదరాబాద్‌కో ఇటుక బట్టీలకో వలసపోయి ఉగాదికి తిరిగొచ్చే కుటుంబాల పిల్లలకు టీకాలు తప్పిపోతాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే రోటావైరస్ చుక్కల మందు ఆ వైరస్ వల్ల పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన విరేచనాలను తగ్గిస్తుంది, సర్కారు దవాఖానలో ఉచితం. మొదటి ఏడాదిలో ఒక్క డోసూ పడకపోతే ఆ చుక్కలు ఇక మొదలుపెట్టరు. తిరిగొచ్చిన కుటుంబాల జాబితా వారంలోపు ఏఎన్ఎం చేతికి ఇవ్వగలిగేది వార్డు మెంబరే. ఎవరు ఎప్పుడు వచ్చారో మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఓఆర్‌ఎస్ గురించి మా డిపార్ట్‌మెంట్ వాళ్లు చెబుతూనే ఉంటారు. అయినా గ్లూకోజ్ ఎక్కించనిదే వైద్యం కాదన్న నమ్మకం మన దగ్గర పోలేదు. 1971 బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి గ్లాసులతో తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 3.6 శాతానికి దిగాయి. మన కిరాణా కొట్లో దొరికే ప్యాకెట్ వెనక ఉన్న కథ అది. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, ఒక రోజులో వాడేయాలి. రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ చిన్న టీ గ్లాసెడు చెంచాతో పట్టాలి. జింక్ బిళ్ల మోషన్లు ఆగినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి. పాలు, అన్నం ఆపకూడదు. రక్తం పడ్డా, బిడ్డ మగతగా ఉన్నా, ఏదీ తాగకపోయినా ఆసుపత్రికే. ఇంకో సంగతి. ఓఆర్‌ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో తియ్యటి డ్రింకులు కొట్లలో అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువై బిడ్డకు విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశంలో ఆహార పదార్థాల ప్రమాణాలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని ఆదేశించింది. మీ ఊరి కొట్లో పాత సరుకు ఉందేమో ఒకసారి చూడండి.

ఈ శుక్రవారం ఒక గంట నాకివ్వండి. నీళ్లు వదిలే మనిషిని వెంటబెట్టుకుని ట్యాంకు నుంచి చివరి ఇంటి దాకా నడవండి. ప్రతి వాల్వ్ గుంట మూత ఎత్తించి లోపలికి చూడండి. మోరి దాటే ప్రతి పైపు దగ్గర ఆగండి. అతన్ని అడగండి, మీరు అడిగితే అన్నీ చెబుతాడు. చివరి నల్లా దగ్గర క్లోరోస్కోప్ పెట్టండి. ఏ ఊరి సర్పంచ్ పిలిచినా నేను వస్తాను, పరీక్ష ఎలా చెయ్యాలో నేర్పిస్తాను. ఆటో చార్జీలు కూడా వద్దు.

ఇట్లు,
దేవరకొండ వైపు పల్లెల్లో పనిచేసిన ఒక రిటైర్డ్ ఏఎన్ఎం